కోవళం కెరటాల మీద ఓనమాలు

మద్రాసుకు రేవు లేని రోజుల్లో ఓడలు ఒడ్డు దాకా వచ్చేవి కావు. దూరంగా లంగరు వేసుకుని ఆగిపోయేవి. దొరలు, దొరసానులు, సరుకు మూటలు, ఉత్తరాల సంచులు అన్నీ మసూలా పడవల్లో దిగాల్సిందే. ఒక్క మేకు కూడా కొట్టకుండా, పలకలను కొబ్బరి తాళ్లతో కుట్టిన పడవలవి. మేకులతో బిగించిన పడవైతే అల దెబ్బకు పగిలేది. కుట్టు పడవ కొంచెం వంగి, మళ్లీ సర్దుకునేది. ఒడ్డు దగ్గర ఒకదాని వెనక ఒకటి లేచి విరిగే కెరటాల వరసలను దాటించడం ఆ తీరంలోని పల్లెకారులకు తప్ప మరొకరికి చేతనయ్యేది కాదు. మద్రాసులో అడుగుపెట్టిన ఇంగ్లీషువాళ్లు చాలామంది తమ జ్ఞాపకాల్లో ఆ కెరటాలను తలుచుకుని భయపడ్డారు. చేతిలో డబ్బు పెట్టి, ప్రాణాలు పల్లెకారుల మీద వదిలేసి ఒడ్డున పడేవారు.

ఇప్పుడు అదే తీరంలో, నగరానికి దాదాపు 40 కిలోమీటర్ల దక్షిణాన, జనం డబ్బిచ్చి మరీ ఆ కెరటాల్లోకి దిగుతున్నారు. దింపుతున్నదీ ఆ పల్లెల పిల్లలే.

చెన్నై నుంచి తూర్పు తీర రహదారి పట్టుకుని మహాబలిపురం వైపు వెళ్తే దారిలో తగిలే ఊరు కోవళం. కేరళలో ఉన్న కోవళం వేరు, ఇది వేరు. నెల్లూరు, తిరుపతి, చిత్తూరు నుంచి శనాదివారాలు కారేసుకుని వచ్చేవాళ్లకు ఈ దారి కొత్తేమీ కాదు. ముట్టుకాడులో పడవ షికారు, కోవళం దాటాక మొసళ్ల పార్కు, చివర్లో మహాబలిపురం రాతి రథాలు. ముట్టుకాడులోనే దక్షిణచిత్ర కూడా ఉంది. 1996లో తెరిచిన ఈ ఆవరణలో దక్షిణాది రాష్ట్రాల పాత ఇళ్లను, కొన్నిటిని విప్పి తెచ్చి, కొన్నిటిని అచ్చం అలాగే కట్టి నిలబెట్టారు. వాటిలో విశాఖ తీరపు చుట్టిల్లు ఒకటి. మూలలు లేని గుండ్రటి గోడ, బాగా కిందికి దిగిన కప్పు. తుఫాను గాలికి పట్టు దొరకదు, పక్కనుంచి జారిపోతుంది. సముద్రం పక్కన బతికేవాళ్లు గాలితో, నీటితో ఎదురు పోట్లాడకుండా ఎలా నెగ్గుకొస్తారో కుట్టు పడవ తర్వాత ఈ ఇల్లే చెబుతుంది. కోవళం ఇసుక మీద నేర్పే పాఠం కూడా చివరికి అక్కడికే వస్తుంది.

ఊరు చిన్నదే అయినా చరిత్ర పాతది. 18వ శతాబ్దంలో ఆస్టెండ్ కంపెనీ అనే యూరప్ వర్తక సంస్థ ఇక్కడ స్థావరం పెట్టుకుంది. ఇక్కడి కోటను 1752లో రాబర్ట్ క్లైవ్ ఫ్రెంచివారి నుంచి పట్టుకున్నాడు. ఇప్పుడా జాగాలో స్టార్ హోటల్ ఉంది. ఒకవైపు దర్గా, ఒకవైపు చర్చి, మధ్యలో ఇసుక మీదికి లాగిపెట్టిన ఫైబర్ పడవలు, వలల్లోంచి చేపలు విడదీస్తున్న మనుషులు, వేలం పాటల గోల. 2021లో ఈ బీచ్‌కి, శుభ్రత, భద్రత ఉన్న తీరాలకిచ్చే బ్లూ ఫ్లాగ్ గుర్తింపు వచ్చింది. ఆ పడవల పక్కనే నీలం, పసుపు రంగుల్లో సర్ఫ్‌బోర్డులు వరసగా పేర్చి ఉంటాయి.

ఆగస్టులో ఒక తెల్లవారుజామున హైదరాబాద్ నుంచి సెలవులకు వచ్చిన ఒక కుటుంబం ఆ బోర్డుల దగ్గరికి చేరింది. రోజూ జిమ్‌కి వెళ్లే సాఫ్ట్‌వేర్ మేనేజరు, ఈత రాని ఆయన భార్య, చిన్నప్పటి నుంచి కూచిపూడి నేర్చుకున్న కాలేజీ అమ్మాయి, నెల్లూరు నుంచి వచ్చి కలిసిన ఆ అమ్మాయి మేనమామ. మేనమామకు చెరువు ఈత బాగా వచ్చు. దారంతా ఆ మాటే చెప్పాడు.

అంత పొద్దున్నే ఎందుకని తండ్రి అడిగితే నేర్పే కుర్రాడు చెయ్యి పైకెత్తి గాలి చూపించాడు. పొద్దున్న గాలి నేల మీది నుంచి సముద్రం వైపు వీస్తుంది. అప్పుడు కెరటం ముఖం నున్నగా, వరసగా ఉంటుంది. ఎండెక్కి నేల వేడెక్కాక గాలి తిరగబడి సముద్రం నుంచి ఒడ్డుకు కొడుతుంది, నీళ్లన్నీ కలగాపులగం అవుతాయి. నేర్చుకునేవాళ్లకు పొద్దున్న గంటలే మంచివి. నైరుతి రుతుపవనాల నెలల్లో పడమటి తీరం అల్లకల్లోలంగా ఉండి కర్ణాటక, కేరళల్లో సర్ఫ్ బడులు చాలావరకు మూతపడతాయి. ఆ రోజుల్లో తూర్పు తీరం పిలుస్తుంది.

తొలి పాఠం నీళ్లలో జరగదు. ఇసుక మీద జరుగుతుంది.

మొదట వేషం. ఒంటికి రాష్ గార్డ్ అనే బిగుతు బనియను. అది లేకపోతే బోర్డు రాపిడికి పొట్ట, ఛాతీ ఎర్రగా గీరుకుపోతాయి. తర్వాత బోర్డు. టీవీలో కనిపించే సన్నటి, గట్టి బోర్డు కొత్తవాళ్ల చేతికి ఇవ్వరు. ఎనిమిది తొమ్మిది అడుగుల పొడవు, మంచి వెడల్పు, పైన మెత్తటి ఫోమ్ ఉన్న బోర్డు ఇస్తారు. పెద్దది కాబట్టి నీటి మీద బాగా తేలుతుంది, నిలకడగా ఉంటుంది. మెత్తనిది కాబట్టి తగిలినా తల పగలదు. అడుగున వెనకవైపు మూడు రెక్కలుంటాయి, బోర్డు పక్కకు జారిపోకుండా పట్టి ఉంచేవి అవే. చివర్న లీష్ అనే తాడు కాలి చీలమండకు కట్టుకోవాలి. 1970ల తొలి రోజుల్లో కాలిఫోర్నియాలో ఈ తాడు వాడకంలోకి వచ్చింది. అంతకుముందు పడ్డవాడు బోర్డు కోసం ఒడ్డు దాకా ఈదుకుంటూ పోవాల్సి వచ్చేది. తొలినాటి తాళ్లు రబ్బరువి, సాగి వెనక్కి గట్టిగా కొట్టేవి. వెట్‌సూట్ల తయారీతో పేరుపొందిన జాక్ ఓనీల్ అలాంటి దెబ్బకే 1971లో ఒక కన్ను పోగొట్టుకున్నాడు. ఆ తాడు కనిపెట్టింది ఆయన కొడుకే. పడి లేచేటప్పుడు రెండు చేతులూ తలకు, ముఖానికి అడ్డం పెట్టుకోవాలని ఇప్పటికీ ప్రతి బడిలో మొదట నేర్పడానికి కారణం ఇలాంటి దెబ్బలే.

"అన్నా, అటు చూడండి" అని కుర్రాడు మేనేజరుగారికి సముద్రం చూపించి, వెనకనుంచి ఒక్క తోపు తోశాడు. ఆయన తూలి కుడికాలు ముందుకేశాడు. "మీరు గూఫీ అన్నా." ఎడమకాలు ముందు పెట్టి నిలబడేవాళ్లు రెగ్యులర్, కుడికాలు ముందు పెట్టేవాళ్లు గూఫీ. ఆలోచించి చెప్పమంటే చాలామంది తప్పు చెబుతారు. అందుకే చెప్పకుండా తోస్తారు.

ఆ తర్వాత అసలు కసరత్తు. ఇసుక మీద గీసిన బోర్డు గీతలో బోర్లా పడుకోవాలి. తల పైకెత్తి, రెండు చేతులతో నీళ్లు తోస్తున్నట్టు ఇసుక తోడాలి. "అప్!" అనగానే అరచేతులు పక్కటెముకల దగ్గర ఆనించి, ఒళ్లంతా పైకి లేపి, ఒక్క ఊపులో రెండు పాదాలూ కిందికి తెచ్చుకుని లేవాలి. మోకాళ్లు వంగి ఉండాలి, నడుము దిగి ఉండాలి, చూపు ముందుకు ఉండాలి. కూచిపూడి అమ్మాయికి అరమండి అలవాటే కాబట్టి మొదటిసారే కుదిరింది. జిమ్ తండ్రి బలమంతా చేతుల్లో పెట్టి, లేచి నిటారుగా నిలబడ్డాడు. "పడిపోతారన్నా, కూర్చున్నట్టు నిలబడండి" అన్నాడు కుర్రాడు. మేనమామ ముందు మోకాళ్ల మీదికి లేచి, అక్కణ్నుంచి పైకి లేచాడు. ఇసుక మీద అలా కుదురుతుంది. నీళ్ల మీద మోకాళ్ల దగ్గరే కెరటం అయిపోతుంది.

ఈ తంటాలు కోవళంలో మొదలైనవి కావు. కొత్తగా బోర్డెక్కి బోర్లా పడ్డ పెద్దవాళ్ల జాబితా చాలా పొడవు. సర్ఫింగ్ పుట్టిల్లు పసిఫిక్ దీవులు. హవాయిలో రాజులూ, రైతులూ, ఆడా మగా అందరూ కెరటాలెక్కేవారు. 1866లో పత్రికా విలేఖరిగా అక్కడికి వెళ్లిన మార్క్ ట్వేన్ తానూ ప్రయత్నించాడు. బోర్డు సమయానికి ఒడ్డుకు చేరింది, ఆయన మాత్రం అడుక్కి చేరాడు. కడుపు నిండా ఉప్పునీళ్లు తాగి, ఈ విద్య అక్కడివాళ్లకు తప్ప మరొకరికి పట్టుబడదని తీర్పు చెప్పేశాడు. ఆ అనుభవాన్ని 1872లో అచ్చయిన తన యాత్రా గ్రంథంలో నవ్విస్తూ రాసుకున్నాడు.

1907లో జాక్ లండన్ తన సొంత పడవలో హవాయి చేరి వైకీకీ తీరంలో నేర్చుకున్నాడు. పట్టువిడవకుండా గంటల తరబడి నీళ్లలోనే ఉన్నాడు. ఎండకు ఒళ్లు బొబ్బలెక్కి మర్నాడు మంచం మీంచి లేవలేకపోయాడు. అయినా ఆయన రాసిన వ్యాసం చదివి అమెరికాలో ఎంతోమందికి ఈ ఆట మీద మనసు పోయింది. 1922లో భర్తతో కలిసి ప్రపంచ యాత్రకు బయల్దేరిన అగాథా క్రిస్టీ దక్షిణాఫ్రికాలోని మైజెన్‌బర్గ్‌లో బోర్డు మీద పడుకుని కెరటాలెక్కింది. తర్వాత హోనొలూలూలో నిలబడడం నేర్చుకుంది. ఈలోగా పగడపు దిబ్బలకు కాళ్లు కోసుకుపోయాయి, ఒళ్లు కాలిపోయింది, పట్టు ఈతదుస్తులు అలల తాకిడికి చీలికలైపోయాయి. హత్యల కథలు రాసి రాణించిన ఆవిడకు ఆ నిలబడగలిగిన క్షణం జీవితాంతం గుర్తుండిపోయింది.

కోవళంలో నీళ్లలోకి దిగేముందు కుర్రాడు అందర్నీ ఇసుక మీద కూర్చోబెట్టి కాసేపు ఊరికే సముద్రం చూడమన్నాడు. మేనమామకు విసుగొచ్చింది. "చూడ్డానికేనా డబ్బు కట్టింది?" అన్నాడు. కుర్రాడు నవ్వి, "ఏం కనిపించింది అన్నా?" అని అడిగాడు. నీళ్లు, అలలు, నురుగు. అంతకుమించి మేనమామకు ఏమీ కనిపించలేదు.

చూడ్డం తెలిసినవాళ్లకు చాలా కనిపిస్తుంది. కెరటాలు ఒక్కొక్కటిగా రావు, జట్లుగా వస్తాయి. నాలుగైదు పెద్దవి వరసగా వచ్చాక కాసేపు సముద్రం సద్దుమణుగుతుంది. లోపలికి వెళ్లాలంటే ఆ సందు చూసుకోవాలి. పడవ నీళ్లలోకి తోసే పల్లెకారులు పొద్దున్నే ఒడ్డున నిలబడి చూసేది కూడా దానికోసమే.

ఆ కెరటాలు పుట్టింది కోవళంలో కాదు. చాలావరకు వేల కిలోమీటర్ల దూరాన, అంటార్కిటికా చుట్టూ ఉన్న దక్షిణ మహాసముద్రపు గాలివానల్లో పుట్టి రోజుల తరబడి ప్రయాణం చేసి బంగాళాఖాతంలోకి వస్తాయి. ప్రయాణం చేసేది నీరు కాదు, శక్తి. గాలి వీచినప్పుడు వరిచేను మీద అల ఈ గట్టు నుంచి ఆ గట్టుకు పరుగెడుతుంది, మొక్క మాత్రం ఉన్నచోటే ఊగుతుంది. నడిసముద్రంలో నీరూ అంతే. ఒడ్డు దగ్గరికొచ్చి లోతు తగ్గేకొద్దీ అల అడుగుభాగం నేలకు తగిలి నెమ్మదిస్తుంది, పైభాగం ముందుకు తోసుకొస్తుంది. లోతు ఇంచుమించు అల ఎత్తుకు ఒకటింబావు రెట్లకు తగ్గినప్పుడు శిఖరం తూలి విరుగుతుంది. అక్కణ్నుంచి నీరే నురుగై ఒడ్డుకు దూకుతుంది. కొత్తవాళ్లకు నేర్పేది ఈ విరిగిన నురుగులోనే. నడుము లోతు నీళ్లు, కింద ఇసుక. పచ్చటి కెరటాన్ని విరగకముందే పట్టుకోవడం ఆ తర్వాతి తరగతి.

ఈ అలల లెక్కలు తెలుగువాళ్లకు దగ్గర ఊళ్లోనే తయారవుతున్నాయి. సముద్రం ముఖం చూడని హైదరాబాద్‌లో, ప్రగతి నగర్‌లో, 1999లో ఏర్పడిన ఇన్‌కాయిస్ కేంద్రం దేశం చుట్టూ ఉన్న సముద్రపు అలల ఎత్తు, గాలి, ప్రవాహాల మీద ముందస్తు సమాచారం రోజూ ఇస్తుంది. 2004 సునామీ తర్వాత దేశపు సునామీ హెచ్చరిక కేంద్రం కూడా అక్కడే పెట్టారు. ఎక్కడో దూరపు గాలివానల నుంచి హఠాత్తుగా వచ్చిపడే ఉప్పెన అలల గురించి మత్స్యకారులను హెచ్చరించేదీ వాళ్లే. తీరం వెంట సెలవులు గడపబోయేవాళ్లు హోటల్ బుక్ చేసుకునేటప్పుడే ఆ సమాచారం ఒకసారి చూసుకుంటే మంచిది.

"నాకు ఈత రాదు బాబూ" అంది అమ్మాయి తల్లి, నీళ్ల దగ్గర ఆగిపోయి.

"రాకపోతే ఏం అక్కా, నడుము లోతు దాటనివ్వను. బోర్డు నేనే పట్టుకుంటాను." తెలుగు పర్యాటకులతో మాట్లాడి మాట్లాడి నేర్చుకున్న తెలుగు అతనిది. తమిళం తగిలీ తగలనట్టు ఉంటుంది.

ఇలాంటి కుర్రాళ్లు ఈ ఊళ్లో తయారవడం వెనక ఒక కథ ఉంది. మత్స్యకార కుటుంబంలో పుట్టిన మూర్తి మేగవన్ గురువంటూ లేకుండా తనంతట తాను ఈ విద్య నేర్చుకున్నాడు. తర్వాత ఊళ్లో పిల్లలకు నేర్పడం మొదలుపెట్టాడు. చెన్నై వ్యాపారవేత్త, తానూ సర్ఫింగ్ ఇష్టపడే అరుణ్ వాసు తోడై, 2012లో కోవలాంగ్ పాయింట్ అనే సర్ఫ్ బడిగా అది రూపుకట్టింది. పొగ తాగకూడదు, మందు ముట్టకూడదు అన్నది అక్కడ చేరే కుర్రాళ్లకు పెట్టిన షరతు. మరుసటి ఏడాది నుంచి సర్ఫింగ్, సంగీతం కలిపి పండుగ జరపడం మొదలైంది. క్రికెట్ మైదానంలో గాలిలో తేలి బంతులు పట్టిన జాంటీ రోడ్స్ కూడా ఆ పండుగకు వచ్చాడు, ఆయనకు సర్ఫింగ్ పిచ్చి. ఒకప్పుడు చేపల కోసమే సముద్రంలోకి వెళ్లిన ఇళ్లలో ఇప్పుడు పోటీల్లో గెలిచిన ట్రోఫీలు కనిపిస్తాయి, పాఠాలు చెప్పి తెచ్చిన సంపాదన కనిపిస్తుంది.

దేశంలో ఈ ఆట పాదుకున్న ప్రతిచోటా ఎవరో ఒక విచిత్రమైన మనిషి ఉన్నాడు. కర్ణాటకలో మంగళూరు దగ్గర ముల్కిలో ఫ్లోరిడా నుంచి వచ్చి సన్యాసం తీసుకున్న జాక్ హెబ్నర్ 2004లో మంత్ర సర్ఫ్ క్లబ్ పెట్టాడు. ఆశ్రమంలో జపం, పొద్దున్నే కెరటాలు. సర్ఫింగ్ స్వామి అని ఆయనకు పేరు. అదే తీరంలో కాస్త ఉత్తరాన, మణిపాల్‌లో చదువుకోవడానికి వచ్చిన ముంబయి అమ్మాయి ఇషితా మాలవీయ 2007లో బోర్డెక్కి దేశపు తొలి మహిళా ప్రొఫెషనల్ సర్ఫర్ అయింది. కోడి బెంగ్రె అనే పల్లెలో శాకా సర్ఫ్ క్లబ్ నడిపింది. కేరళ కోవళంలో బెల్జియం యువకుడొకడు మొదలుపెట్టిన క్లబ్బులో పిల్లలకు ఒకటే నిబంధన: బడికి వెళ్లనివాడికి బోర్డు ఇవ్వరు.

మళ్లీ నీళ్లలోకి. మేనేజరుగారు బోర్డును తనకూ కెరటానికీ మధ్య అడ్డంగా పట్టుకుని నిలబడ్డాడు. నురుగు వచ్చి బోర్డును ఆయన ఛాతీకేసి కొట్టింది. బోర్డు ఎప్పుడూ మనిషి పక్కన ఉండాలి, దాని ముక్కు కెరటం వైపు ఉండాలి, అడ్డంగా ఉండకూడదు. చెబితే తలకెక్కనిది ఆ ఒక్క దెబ్బతో ఎక్కింది. పడేటప్పుడు తల ముందు పెట్టి దూకకూడదు, కింద లోతు ఎంతో తెలియదు. వెడల్పుగా, బల్లపరుపుగా పడాలి. పడ్డాక కంగారుగా లేవకూడదు, బోర్డు నెత్తి మీదే ఉండొచ్చు. ఒక గంట పాఠంలో సగం పడడం గురించే.

కుర్రాడు బోర్డు తోక పట్టుకుని వెనక్కి చూస్తూ ఉంటాడు. ఒక నురుగును వదిలేస్తాడు, ఇంకోదాన్నీ వదిలేస్తాడు. "వెయిట్, వెయిట్... పాడిల్, పాడిల్... అప్!" అని తోస్తాడు. అక్కడితో అతని పని అయిపోతుంది. మిగిలింది బోర్డు మీదున్నవాళ్లది. మేనమామ పడ్డాడు. మళ్లీ పడ్డాడు. "చెరువులో ఇలా ఉండదు" అన్నాడు ఉప్పునీళ్లు ఉమ్మేస్తూ. "మామయ్యా, కాళ్ల వంక చూడకు, ఒడ్డున కొబ్బరిచెట్టు చూడు" అని అమ్మాయి కేక వేసింది. కళ్లు ఎటుంటే ఒళ్లు అటే పోతుంది. కాళ్ల వంక చూసినవాడు కాళ్ల దగ్గరే పడతాడు.

మధ్యలో మేనమామ అలల్లేని చోటు ఒకటి కనిపెట్టాడు. రెండు వైపులా నురుగు విరుగుతోంది, మధ్యలో మాత్రం నీరు ప్రశాంతంగా ఉంది. లోపలికి వెళ్లడానికి ఇదే మంచి దారి కదా అని అటు కదిలాడు. కుర్రాడు ఈల వేసి వెనక్కి రమ్మన్నాడు. ఆ రోజు మొత్తానికి అంత గట్టిగా అరిచింది అప్పుడే.

ఆ ప్రశాంతమే ప్రమాదం. ఒడ్డుకు చేరిన నీరంతా ఎక్కడో ఒకచోట సందు చేసుకుని లోపలికి తిరిగిపోవాలి. ఇసుక దిబ్బల మధ్య లోతైన కాలువ చేసుకుని పోతుంది. దాన్నే రిప్ కరెంట్ అంటారు. లోతు ఎక్కువ కాబట్టి అక్కడ అల విరగదు, నురుగు ఉండదు, నీరు కాస్త ముదురు రంగులో కనిపిస్తుంది, ఒక్కోసారి ఇసుక కలిసి మట్టి రంగులో ఉంటుంది. సెకనుకు రెండు మీటర్లు మించిన వేగంతో లాగిన సందర్భాలున్నాయి. ఒలింపిక్ ఈతగాడికి కూడా దానికి ఎదురీదడం కష్టం. అందులో చిక్కుకున్నవాళ్లు ఒడ్డువైపే ఈది ఈది అలిసిపోయి మునుగుతారు. ఒడ్డుకు సమాంతరంగా పక్కకు ఈదితే ఆ సన్నటి కాలువలోంచి బయటపడొచ్చు. అంత ఓపిక లేకపోతే వెల్లకిలా తేలుతూ చెయ్యి ఊపాలి. అది మనిషిని అడుక్కి లాగదు, లోపలికి మోసుకెళ్తుంది అంతే.

విశాఖ ఆర్కే బీచ్, యారాడ, బాపట్ల సూర్యలంక, చీరాల వాడరేవు... స్నానానికి దిగిన కుర్రాళ్లు కొట్టుకుపోయారన్న వార్త ఏటా చదువుతూనే ఉన్నాం. ఈత వచ్చినవాళ్లూ పోయారు. దాదాపు వెయ్యి కిలోమీటర్ల తీరం ఉన్న రాష్ట్రంలో సముద్రాన్ని ఎలా చూడాలో పిల్లలకు ఏ బడిలోనూ చెప్పరు. సెలవుల్లో సరదాకి తీసుకున్న సర్ఫింగ్ పాఠంలో ఆ నెల్లూరు మేనమామకు నలభయ్యేళ్లు దాటాక మొదటిసారి ఎవరో చెప్పారు.

బోర్డుకూ ప్రాణరక్షణకూ చుట్టరికం పాతదే. హవాయికి చెందిన డ్యూక్ కహనమోకు 1912, 1920 ఒలింపిక్స్‌లో 100 మీటర్ల ఈతలో స్వర్ణాలు గెలిచాడు. సర్ఫింగ్‌ను ఆస్ట్రేలియా దాకా తీసుకెళ్లి చూపించినవాడు ఆయనే. 1925లో కాలిఫోర్నియాలోని న్యూపోర్ట్ బీచ్ దగ్గర ఒక పడవ కెరటాలకు బోల్తా పడితే, బోర్డు మీద పదేపదే లోపలికి వెళ్లి ఎనిమిది మందిని ఒడ్డుకు చేర్చాడు. ఆ తర్వాత అమెరికా తీరాల్లో కాపలావాళ్ల చేతికి బోర్డులు వచ్చాయి.

ఎండ ముదిరేసరికి లెక్కలు తేలాయి. అమ్మాయి ఒడ్డు దాకా నిలబడే వచ్చింది, దిగేటప్పుడు కూడా పడలేదు. తండ్రి బలం పక్కన పెట్టి మోకాళ్లు వంచడం మొదలుపెట్టాక నిలబడ్డాడు, కాసేపే అయినా నిలబడ్డాడు. మేనమామ మోకాళ్ల మీదే ఒడ్డుకు చేరి అదే గెలుపని ప్రకటించాడు. ఈత రాని తల్లి బోర్డు మీద పడుకుని, నురుగు తోసినంత మేరా జారుకుంటూ ఇసుకలోకి వచ్చి, లేచి, ఏమీ మాట్లాడకుండా బోర్డు లాక్కుంటూ మళ్లీ నీళ్ల వైపు వెళ్లిపోయింది. భుజాలు లేవవు, పక్కటెముకలు నొప్పి, ముక్కులోంచి ఉప్పునీళ్లు. మధ్యాహ్నం ఊళ్లో వేయించిన వంజరం చేప ముక్కలు, చారు అన్నం ముందు కూర్చుంటే ఎవరికీ చెయ్యి పైకి లేవలేదు. ఆకలి మాత్రం ఆగలేదు.

ఇది ఇక సెలవుల సరదాగానే మిగిలేలా లేదు. టోక్యో ఒలింపిక్స్‌తో సర్ఫింగ్ ఒలింపిక్ క్రీడ అయింది. 2025 ఆగస్టులో కోవళం దాటాక వచ్చే మహాబలిపురంలో ఆసియా సర్ఫింగ్ చాంపియన్‌షిప్ జరిగింది. కేరళ కోవళంలో పెరిగిన రమేశ్ బుదిహాళ్ అందులో పురుషుల ఓపెన్ విభాగంలో కాంస్యం గెలిచాడు. ఆ పోటీల్లో వ్యక్తిగత పతకం గెలిచిన తొలి భారతీయుడు అతనే. మహాబలిపురం అమ్మాయి కమలి మూర్తి చిన్నతనంలో స్కేట్‌బోర్డు మీద, ఇప్పుడు సర్ఫ్‌బోర్డు మీద పేరు తెచ్చుకుంది. ఆమె మీద, ఆమె తల్లి మీద తీసిన 'కమలి' అనే లఘుచిత్రం బాఫ్టా అవార్డుల పోటీ దాకా వెళ్లింది.

తెలుగు తీరంలోనూ కెరటాలకు కొదవ లేదు. 2020లో దేశంలో తొలి విడత బ్లూ ఫ్లాగ్ పొందిన ఎనిమిది బీచ్‌లలో విశాఖ రుషికొండ ఒకటి. అక్కడ సర్ఫింగ్ నేర్పేవాళ్లు ఉన్నారు. భీమిలి దాకా తీరం పొడుగునా తెప్పల మీద, పడవల మీద కెరటాలు దాటడం పుట్టుకతో తెలిసిన జాలరి పల్లెలున్నాయి. ఆ పల్లెల కుర్రాళ్లకు బోర్డులు, శిక్షణ, కాపలా ఉద్యోగాలు ఇవ్వడానికి పర్యాటక శాఖకు పెద్ద ఖర్చు కాదు. కోవళంలో ఇద్దరు మనుషులు పూనుకుంటే జరిగిన పని అది.

వెళ్లాలనుకునేవాళ్లకు నాలుగు మాటలు. గుండెజబ్బు, నడుంనొప్పి, భుజం జారడం ఉంటే ముందే చెప్పండి. తిన్న వెంటనే దిగకండి, మందు తాగి అసలే వద్దు. ఉంగరాలు, గొలుసులు గదిలో వదిలేయండి, ముఖానికి, మెడ వెనక, పిక్కల వెనక సన్‌స్క్రీన్ రాసుకోండి. జాక్ లండన్ మంచం పట్టింది కెరటం వల్ల కాదు, ఎండ వల్ల. ఒక్కో శిక్షకుడి చేతికింద ఎంతమందిని దింపుతారో, తాళ్లు సరిగ్గా ఉన్నాయో లేదో చూసుకోండి.

డబ్బు కట్టేముందు మాత్రం నేర్పేవాణ్ని ఒక్కటి అడగండి: "ఇవాళ ఇక్కడ రిప్ ఎక్కడుంది?" సముద్రం వంక చూసి వేలు పెట్టి చూపిస్తే అతని వెంట దిగండి. చూపించలేకపోతే ఆ బడి వద్దు, ఇంకోటి చూసుకోండి.